ఆదేశ పంక్తి ద్వారా కంప్యూటరు అమరికల మార్పు

ఆదేశ పంక్తి ద్వారా అమరికల మార్పు అనేది తెరపై కనిపించే బొమ్మలు, మెనూలు, గడులతో పనిలేకుండా, ఆదేశాన్ని అక్షరాలలో టైపు చేసి కంప్యూటరు ఆపరేటింగు సిస్టము ప్రవర్తనను మార్చే పద్ధతి. ఆదేశ పంక్తిని కమాండ్ లైన్ అని కూడా అంటారు. సెట్టింగుల తెరలో చోటు దక్కని అమరికలను మార్చడానికి, ఒకే మార్పును అనేక కంప్యూటర్లలో చేయడానికి, తెర పనిచేయని స్థితిలో కంప్యూటరును బాగుచేయడానికి ఈ పద్ధతిని ఉపయోగిస్తారు. హైదరాబాదులోని హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలోని సంస్థలలో కంప్యూటర్ల నిర్వహణ చూసేవారికి ఇది నిత్యకృత్యం. కంప్యూటరులో తెలుగు చూడాలన్నా, టైపు చేయాలన్నా అవసరమయ్యే కొన్ని అమరికలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఈ పద్ధతిలో వేగం ఎక్కువ, రక్షణ తక్కువ. సెట్టింగుల తెర చెల్లని విలువను చాలావరకు తీసుకోదు. ఆదేశ పంక్తి మాత్రం వాడుకరి టైపు చేసినదాన్ని చాలా సందర్భాలలో ఉన్నదున్నట్లు అమలు చేస్తుంది. అందువలన మార్పు చేయడం కంటే, చేసిన మార్పును వెనక్కు తీసుకునే దారిని ముందుగా సిద్ధం చేసుకోవడం ఇందులో ముఖ్యమైన విషయం.

(గమనిక: ఆదేశాలను కంప్యూటరులో ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి. ఈ వ్యాసంలో వాటి ఉచ్చారణ మాత్రమే తెలుగు లిపిలో ఇవ్వబడింది.)

## అమరిక అంటే ఏమిటి

తెర వెలుతురు ఎంత ఉండాలి, కీబోర్డు ఏ భాషలో పనిచేయాలి, ఫైలు పేరు చివరి పొడిగింపు కనిపించాలా వద్దా వంటి ప్రతి నిర్ణయానికీ కంప్యూటరులో ఒక పేరు, ఆ పేరుకు ఒక విలువ ఉంటాయి. ఈ జంటనే అమరిక అంటారు. విలువ ఒక సంఖ్య కావచ్చు, కొన్ని అక్షరాలు కావచ్చు, అవును లేదా కాదు అనే జవాబు కావచ్చు. ఈ జంటలన్నీ డిస్కు మీద ఒక చోట భద్రంగా ఉంటాయి. ఉపకరణాలు, ప్రోగ్రాములు మొదలైనప్పుడు వాటిని చదువుకుంటాయి.

సెట్టింగుల తెర ఈ నిల్వకు ఒక కిటికీ మాత్రమే. సామాన్య వాడుకరికి తరచుగా కావలసిన కొద్ది అమరికలను అందులో చూపుతారు. అన్నిటినీ చూపితే తెర గజిబిజిగా మారుతుంది. కొన్ని అమరికలు ప్రోగ్రామరుల పరీక్షల కోసం ఉద్దేశించినవి, కొన్ని తప్పుగా మారిస్తే హాని చేసేవి, మరికొన్ని పాత ప్రోగ్రాముల కోసం కొనసాగుతున్నవి. ఇలా కిటికీలో కనిపించని వాటినే దాగిన అమరికలు అని వ్యవహరిస్తారు. ఇవి రహస్యమైనవి కావు. నిల్వలో అన్నిటితో పాటే ఉంటాయి. వాటి పేరు తెలిసినవారు ఆదేశ పంక్తి ద్వారా చదవగలరు, అనుమతి ఉంటే మార్చగలరు.

## చరిత్ర

ఆదేశ పంక్తి, బొమ్మల తెర కంటే పాతది. 1971లో వెలువడిన యునిక్స్ తొలి కూర్పులోనే వాడుకరి ఆదేశాలను అందుకునే షెల్ అనే ప్రోగ్రాము ఉంది. యునిక్స్‌లో అమరికలను సాధారణ పాఠ్య ఫైళ్లలో రాసుకునే సంప్రదాయం ఏర్పడింది. 1981లో ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటరుతో పాటు వచ్చిన డాస్‌లో కూడా ఆదేశాలు టైపు చేయడమే పద్ధతి. తరువాతి కాలంలో డాస్ వాడినవారికి కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే రెండు అమరికల ఫైళ్లు సుపరిచితం.

విండోస్ తొలి కూర్పులు అమరికలను విడివిడి ఫైళ్లలో దాచేవి. 1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్న రూపంలో ప్రవేశించింది. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి అది సిస్టము అంతటికీ కేంద్ర నిల్వగా మారింది. 2006లో మైక్రోసాఫ్ట్ పవర్‌షెల్ అనే కొత్త ఆదేశ పంక్తిని విడుదల చేసింది. 2016లో దాని మూలసంకేతాన్ని బహిరంగపరచి, లినక్స్‌కు కూడా అందించింది. లినక్స్ ప్రపంచంలో 2011లో వచ్చిన గ్నోమ్ 3తో జీసెట్టింగ్స్, డీకాన్ఫ్ అనే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. మ్యాక్ కంప్యూటర్లలోని డిఫాల్ట్స్ ఆదేశం నెక్స్ట్‌స్టెప్ అనే పూర్వపు సిస్టము నుండి వారసత్వంగా లభించింది.

## హైదరాబాదు నేపథ్యం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాదులో నెలకొల్పింది. ఆ కేంద్రం తొలినాళ్లలో పనిచేసిన ఉత్పత్తులలో విండోస్ సర్వీసెస్ ఫర్ యునిక్స్ ఒకటి. యునిక్స్ షెల్‌ను, యునిక్స్ ఆదేశాలను విండోస్ కంప్యూటరులో వాడుకునే వీలు కల్పించడం దీని ఉద్దేశం. రెండు వేర్వేరు ఆదేశ పంక్తుల సంప్రదాయాలను ఒకే యంత్రంలో కలిపే ప్రయత్నంలో హైదరాబాదుకు ఈ విధంగా భాగం ఉంది. 2004లో వెలువడిన 3.5 దీని చివరి కూర్పు.

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలలోని శిక్షణ సంస్థలు యునిక్స్, లినక్స్ ఆదేశాలను వేలాది విద్యార్థులకు నేర్పాయి. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం కోరి జిల్లాల నుండి వచ్చిన విద్యార్థులలో అనేకులకు నల్లని తెర మీద తొలి పరిచయం అక్కడే జరిగింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి చెందిన స్వేచ్ఛ సంస్థ, లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగు సిస్టమును రూపొందించి, విద్యార్థులలో లినక్స్ వాడకాన్ని ప్రోత్సహించింది.

## విండోస్‌లో

రిజిస్ట్రీ చెట్టులాంటి నిర్మాణం గలది. దాని ప్రధాన శాఖలలో రెండు ముఖ్యమైనవి. హెచ్‌కీ లోకల్ మెషీన్ అనే శాఖలో ఆ కంప్యూటరు మొత్తానికి వర్తించే అమరికలు ఉంటాయి. వీటిని మార్చడానికి సాధారణంగా అడ్మినిస్ట్రేటరు అనుమతి కావాలి. హెచ్‌కీ కరెంట్ యూజర్ అనే శాఖలో ప్రస్తుత వాడుకరికి మాత్రమే వర్తించే అమరికలు ఉంటాయి.

రిజిస్ట్రీని ఆదేశ పంక్తి నుండి చూడడానికి, మార్చడానికి రెగ్ అనే ఆదేశం ఉంది. దాని వెంట క్వెరీ అని రాస్తే విలువను చదివి చూపుతుంది. యాడ్ అని రాస్తే కొత్త విలువను చేరుస్తుంది లేదా ఉన్నదాన్ని మారుస్తుంది. ఎక్స్‌పోర్ట్ అని రాస్తే ఆ శాఖను ఒక ఫైలులో భద్రపరుస్తుంది. ఇంపోర్ట్ అని రాస్తే భద్రపరచిన ఫైలులోని విలువలను తిరిగి చేరుస్తుంది. ఉన్న విలువను మార్చబోయే ముందు యాడ్ ఒకసారి అనుమతి అడుగుతుంది. చివర ఎఫ్ అనే గుర్తును చేర్చితే అడగకుండానే మారుస్తుంది. ఎక్కడి నుండో ఎత్తి రాసుకున్న ఆదేశాలలో ఈ గుర్తు ఉందేమో ముందుగా గమనించడం అవసరం.

ఉదాహరణకు, ఎక్స్‌ప్లోరర్‌కు చెందిన అడ్వాన్స్‌డ్ అనే శాఖలో హైడ్ ఫైల్ ఎక్స్‌ట్ అనే పేరు ఉంటుంది. దాని విలువ 1 అయితే తెలిసిన రకాల ఫైళ్ల పొడిగింపులు కనిపించవు, 0 అయితే కనిపిస్తాయి. ఇది చిన్న విషయంగా తోచినా, ఫోటో లేదా బిల్లు అని పేరు పెట్టుకుని వచ్చిన హానికర ప్రోగ్రామును గుర్తించడానికి పొడిగింపు కనిపించడం ఉపకరిస్తుంది.

## లినక్స్‌లో

లినక్స్‌లో కంప్యూటరు మొత్తానికి వర్తించే అమరికలు ఎక్కువగా ఈటీసీ అనే ఫోల్డరులోని పాఠ్య ఫైళ్లలో ఉంటాయి. వీటిని సుడో అనే ఆదేశంతో అధికారం పొంది మార్చాలి. గ్నోమ్ తెర అమరికలు డీకాన్ఫ్ నిల్వలో ఉంటాయి. జీసెట్టింగ్స్ ఆదేశంలో గెట్ చదవడానికి, సెట్ మార్చడానికి, రీసెట్ తొలి విలువకు తేవడానికి ఉపయోగపడతాయి.

జీసెట్టింగ్స్‌కు ఒక మంచి లక్షణం ఉంది. ప్రతి అమరికకూ ముందుగా నిర్వచించిన పేరు, విలువ రకం ఉంటాయి కాబట్టి, లేని పేరు రాసినా, సంఖ్య ఉండవలసిన చోట అక్షరాలు రాసినా అది తిరస్కరిస్తుంది. విండోస్ రెగ్ ఆదేశం గానీ, మ్యాక్ డిఫాల్ట్స్ ఆదేశం గానీ ఇటువంటి తనిఖీ చేయవు. అక్షరదోషంతో రాసిన పేరును కూడా కొత్త అమరికగా భావించి నిల్వ చేస్తాయి. ఆదేశం లోపమేమీ చూపలేదు కనుక మార్పు జరిగిందని వాడుకరి అనుకుంటాడు, వాస్తవానికి ఏ ప్రోగ్రామూ ఆ పేరును చదవదు.

## మ్యాక్‌లో

మ్యాక్‌లో ఒక్కొక్క ప్రోగ్రాము అమరికలు పీలిస్ట్ అనే రకం ఫైళ్లలో ఉంటాయి. డిఫాల్ట్స్ ఆదేశంలో రీడ్, రైట్, డిలీట్ అనేవి వరుసగా చదవడానికి, రాయడానికి, తొలగించడానికి వాడతారు. తొలగించినపుడు ప్రోగ్రాము తన తొలి విలువనే తిరిగి అనుసరిస్తుంది. ఫైండర్‌లో దాగిన ఫైళ్లను చూపే యాపిల్ షో ఆల్ ఫైల్స్ అనేది ప్రసిద్ధమైన ఉదాహరణ. దాన్ని మార్చిన తరువాత ఫైండర్‌ను మళ్లీ మొదలుపెడితేనే ఫలితం కనిపిస్తుంది. ప్రోగ్రాములలో అనేకం తమ అమరికలను మొదలయ్యేటపుడు మాత్రమే చదవడం దీనికి కారణం. పీలిస్ట్ ఫైలును నేరుగా తెరచి మార్చడం కంటే డిఫాల్ట్స్ ఆదేశాన్ని వాడడం మేలు. అమరికలను చూసుకునే ప్రక్రియ పాత విలువలను జ్ఞాపకంలో ఉంచుకుని, నేరుగా చేసిన మార్పును చెరిపివేసే అవకాశం ఉంది.

## తెలుగు అమరికలు

కంప్యూటరులో తెలుగు వాడకం చాలాకాలం అమరికల సమస్యగానే ఉండేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు ఉన్నప్పటికీ, కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల విభాగానికి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతుకు చెందిన గడిలో టిక్కు పెట్టి, సీడీ నుండి ఫైళ్లు ఎక్కిస్తే గానీ తెలుగు సరిగా కనిపించేది కాదు. ఆ గడి సంగతి తెలియని పాఠకులకు ఒత్తులు, గుణింతాలు విడిపోయిన అక్షరాలో, ఖాళీ గడులో దర్శనమిచ్చేవి. విండోస్ తరువాతి కూర్పులలో ఈ ఇబ్బంది తొలగింది.

విండోస్ రిజిస్ట్రీలో కీబోర్డ్ లేఅవుట్ అనే శాఖలో ప్రీలోడ్ అనే ఉపశాఖ ఉంటుంది. అందులో 1, 2 అనే పేర్ల ఎదుట వాడుకరి కీబోర్డుల సంకేతాలు వరుసగా ఉంటాయి. భారతదేశపు తెలుగుకు విండోస్ ఇచ్చిన భాషా సంఖ్య 1098, అమెరికా ఆంగ్లానికి 1033. రిజిస్ట్రీలో ఇవి షోడశాంశ పద్ధతిలో రాసి ఉంటాయి. వరుసలో మొదటిది తొలి కీబోర్డు అవుతుంది.

పవర్‌షెల్‌లో భాషల జాబితాను చదవడానికి గెట్ విన్ యూజర్ లాంగ్వేజ్ లిస్ట్, మార్చడానికి సెట్ విన్ యూజర్ లాంగ్వేజ్ లిస్ట్ అనే ఆదేశాలు ఉన్నాయి. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. రెండవ ఆదేశం జాబితాకు ఒక భాషను చేర్చదు, పాత జాబితా స్థానంలో కొత్త జాబితాను పెడుతుంది. కాబట్టి తెలుగు ఒక్కటే రాస్తే ఆంగ్లం జాబితా నుండి తొలగిపోతుంది. ముందు పాత జాబితాను చదివి, దానికి తెలుగును చేర్చి, మొత్తం జాబితాను తిరిగి అమర్చడం సరైన క్రమం.

లినక్స్‌లో కూడా ఇదే జాగ్రత్త అవసరం. అక్కడ తెలుగు కీబోర్డును భారతదేశపు అమరికలో తెలుగు రకంగా గుర్తిస్తారు. గ్నోమ్‌లో ఇన్‌పుట్ సోర్సెస్ అనే అమరికలో ఆంగ్లం, తెలుగు రెండూ ఉండేలా జాబితా రాయాలి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే మిగిలితే, ఆ పొరపాటును సరిదిద్దే ఆదేశాన్ని టైపు చేయడానికి ఆంగ్ల అక్షరాలే రావు. తాళంచెవిని లోపల పెట్టి తలుపు వేసుకున్న చందంగా ఉంటుంది ఆ పరిస్థితి. పాత జాబితాను ముందే ఒక ఫైలులో రాసిపెట్టుకుని ఉంటే, దాన్నుండి ఆదేశాన్ని నకలు చేసి అతికించి బయటపడవచ్చు.

అన్ని మార్పులూ శాశ్వతం కావు. సెట్ ఎక్స్‌కేబీ మ్యాప్ అనే ఆదేశంతో కీబోర్డును మారిస్తే ఆ మార్పు ప్రస్తుత సెషన్ వరకే ఉంటుంది. ఇది ఎక్స్ పద్ధతి తెరలకు ఉద్దేశించినది, కొత్తదైన వేలాండ్ పద్ధతిలో పనిచేయదు. అలాగే ల్యాంగ్ అనే చరరాశికి తెలుగు విలువ ఇచ్చి ఒక ప్రోగ్రామును నడిపితే, తెలుగు అనువాదం ఉన్న పక్షంలో ఆ ప్రోగ్రాము ఒక్కటే, ఆ ఒక్కసారికే తెలుగులో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ఇటువంటి తాత్కాలిక మార్పులతో మొదలుపెట్టడం క్షేమం.

ఆదేశ పంక్తి తెరలోనే తెలుగు సరిగా కనిపించకపోవడం మరో ఇబ్బంది. ఈ తెరలు ప్రతి అక్షరానికీ ఒక సమాన గడి కేటాయించే పద్ధతి మీద ఏర్పడ్డాయి. తెలుగు సంయుక్తాక్షరాలు ఆ గడులలో ఇమడవు. అందువలన అనేక టెర్మినళ్లలో తెలుగు ఫైలు పేర్లు విడిపోయి కనిపిస్తాయి. ఫైలు పేరు చెడిపోయిందని భావించి దాన్ని మార్చనవసరం లేదు. లోపం చూపడంలోనే ఉంటుంది.

## కార్యాలయ కంప్యూటర్లలో

వేల కంప్యూటర్లు గల సంస్థలో ఒక్కొక్క కంప్యూటరు వద్దకు వెళ్లి గడులలో టిక్కులు పెట్టడం సాధ్యం కాదు. మార్పును ఒక ఆదేశంగా రాసి, ఒక కేంద్ర సర్వరు నుండి అన్ని కంప్యూటర్లకూ పంపుతారు. విండోస్ నెట్‌వర్కులలో గ్రూప్ పాలసీ ఈ పని చేస్తుంది. ఉద్యోగి తన కంప్యూటరులో ఏదైనా అమరికను మార్చినా, పాలసీ దానికి విరుద్ధంగా ఉంటే పాలసీదే పైచేయి. సాధారణంగా 90 నిమిషాలకు ఒకసారి, దానికి అదనంగా 30 నిమిషాల లోపు తేడాతో, కంప్యూటరు కొత్త పాలసీని అడిగి తెచ్చుకుంటుంది. చేసిన మార్పు కొంతసేపటికి దానంతటదే పోయిందని అనిపించడానికి తరచుగా ఇదే కారణం. జీపీరిజల్ట్ అనే ఆదేశంతో ఆ కంప్యూటరుకు ఏ పాలసీలు వర్తిస్తున్నాయో తెలుసుకోవచ్చు.

ఒక్క ఆదేశంతో వేల కంప్యూటర్లను సరిదిద్దవచ్చు, ఒక్క పొరపాటుతో వేల కంప్యూటర్లను పాడుచేయనూ వచ్చు. అందుచేత అనుభవజ్ఞులు కొత్త మార్పును ముందు కొద్ది యంత్రాలలో పరీక్షించి, ఆ తరువాతే విస్తరిస్తారు.

## తెర పనిచేయనప్పుడు

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన లోపభూయిష్టమైన నవీకరణ వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. వాటి సంఖ్య సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాదు నుండి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ చిత్రం విస్తృతంగా ప్రచారమైంది. ఆగిపోయిన కంప్యూటర్లు తిరిగి మొదలు కాలేని స్థితిలో ఉండడంతో అనేక యంత్రాలను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో గానీ, రికవరీ తెరలోని ఆదేశ పంక్తిలో గానీ తెరచి, దోషపూరితమైన ఫైలును తొలగించవలసి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న చోట రికవరీ సంఖ్య కూడా అవసరమైంది. ఆదేశ పంక్తి పాత పద్ధతి అని తోచినా, మిగిలిన దారులు మూసుకుపోయినపుడు తెరచి ఉండే దారి అదే అని ఈ ఘటన రుజువు చేసింది.

## పరిమితులు

ప్రతి దోషానికీ అమరికలో మందు ఉండదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే తెలుగు అక్షరంలో కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరి ఏర్పడిన సముదాయం ఐఫోన్లలో, మ్యాక్‌లలో ప్రదర్శితమైతే యాప్‌లు ఆగిపోయేవి. దోషం అక్షరాలను కూర్చే ప్రోగ్రాములోనే ఉంది గనుక, దాన్ని తీర్చే అమరికేదీ లేదు. అదే నెలలో యాపిల్ విడుదల చేసిన నవీకరణలతో అది పరిష్కారమైంది. దాగిన అమరికలకు ఉత్పత్తిదారు హామీ కూడా ఉండదు. ఒక కూర్పులో పనిచేసిన పేరు తరువాతి కూర్పులో నిష్ప్రయోజనం కావచ్చు.

## పాటించవలసిన జాగ్రత్తలు

* మార్చబోయే అమరిక ప్రస్తుత విలువను ముందుగా చదివి, కంప్యూటరు బయట కూడా రాసిపెట్టుకోవాలి. పాత విలువ, తయారీదారు ఇచ్చిన తొలి విలువ ఒకటే కాకపోవచ్చు.
* రిజిస్ట్రీ శాఖను లేదా అమరికల ఫైలును నకలు తీసి భద్రపరచాలి.
* ఆదేశంలోని ప్రతి పదం అర్థం తెలుసుకున్న తరువాతే దాన్ని అమలు చేయాలి. అర్థం కాని ఆదేశాన్ని అతికించరాదు.
* ఒకసారికి ఒకే మార్పు చేసి, ఫలితాన్ని పరిశీలించాలి. అనేక మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.
* అవసరం లేనిచోట అడ్మినిస్ట్రేటరు అధికారం వాడరాదు.
* మార్పు తరువాత అదే అమరికను మళ్లీ చదివి సరిచూసుకోవాలి.
* కీబోర్డు, భాష, నెట్‌వర్కు, సంకేతపదం అమరికలను మార్చేటపుడు తిరిగి ప్రవేశించే దారి ఉందో లేదో చూసుకోవాలి.

## భద్రత, చట్టం

కంపెనీ ప్రతినిధులమని, బ్యాంకు ఉద్యోగులమని ఫోను చేసి, నల్లని తెర తెరిపించి, ఆదేశాలు టైపు చేయించే మోసాలు ఉన్నాయి. ఆదేశ పంక్తిలో సహజంగా కనిపించే జాబితాలనే వైరస్ లక్షణాలుగా చూపి, భయపెట్టి, డబ్బు గుంజడం లేదా కంప్యూటరును తమ అధీనంలోకి తీసుకోవడం వీరి పద్ధతి. అపరిచితులు చెప్పిన ఆదేశాన్ని టైపు చేయడం ఇంటి తాళాలు అప్పగించడంతో సమానం. ఇటువంటి మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చు.

ఇతరుల కంప్యూటరు అమరికలను యజమాని అనుమతి లేకుండా మార్చడం చట్టరీత్యా కూడా దోషమే. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను అనుమతి లేని ప్రవేశానికి, నష్టానికి పరిహారం నిర్దేశిస్తుంది. అదే పనిని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షను కింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్ ఉద్యోగి ఇంట్లో ఉన్నా, దానికి యజమాని ఆ సంస్థే. అందువలన అటువంటి కంప్యూటరులో అమరికలు మార్చే ముందు సంస్థ అనుమతి తీసుకోవాలి.

## ఇవి కూడా చూడండి

* ఆపరేటింగు సిస్టము
* యునిక్స్
* లినక్స్
* విండోస్ రిజిస్ట్రీ
* ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు
* యూనికోడ్
* హైటెక్ సిటీ